గుర్తు లేని బస్తా

కూతురు మళ్లీ వెనక గదిలోనే ఉంది.

వరహాలుశెట్టి బెల్లంముక్క చూపించి రెండుసార్లు పిలిచాడు. అప్పలకొండ రాలేదు. దుకాణం వెనక గదిలో అద్దెకున్న మల్లేశు మాస్టారు కుంచె తీస్తే చాలు, ఆరేళ్ల పిల్లకు కన్నతండ్రి కూడా కనపడడు.

మల్లేశు మైదానం నుంచి వచ్చిన బక్కపలచని మనిషి. హుకుంపేట పిల్లల్ని పోగేసి అక్షరాలు దిద్దిస్తున్నాడు. పిల్లలకని బొమ్మల పుస్తకం చేస్తున్నాడట. రాజమండ్రి అచ్చుకూటం వాళ్లు వేస్తామన్నారట. సంతలో ఉప్పు కొనడానికొచ్చినవాళ్లు కూడా శెట్టిని అడిగేది ఒకటే: "మాస్టారి పొస్తకం ఎంతవరకొచ్చింది?"

ఉప్పు ధర అడిగినవాడు లేడు.

"నాన్నా, సీమ ఎక్కడికెల్తందో సూడు!" అంటూ అప్పలకొండ కాగితాలు పట్టుకొచ్చింది.

శెట్టి చూశాడు. ఒళ్లు మండింది. అంత బాగున్నాయి బొమ్మలు.

ఒక చీమ. అడ్డతీగల పొదలోంచి బయలుదేరుతుంది. వాగు దాటి, జంట జీలుగు చెట్లు దాటి ఒక పెంకుటింటికి చేరుతుంది. బియ్యం మోసే ఎద్దు గోనెలో దూరి లోపలికి పోతుంది. లోపల ఎర్రతల పురుగులు గుర్రుపెట్టి నిద్రపోతుంటాయి. మూలగదిలో చెరుకుగడలు వరసగా గోడకు ఆనించి ఉంటాయి. చీమ వెనకతలుపు గడియ తీసి తన దండును పిలుస్తుంది. తెల్లారేసరికి ఒక్క గడ మిగలదు.

"ఎద్దుని సూసినావా? మన రాముడే!" అంది అప్పలకొండ.

నిజమే. ఎడమ కొమ్ము విరిగిన ఎద్దు. శెట్టి దాని మీదే దిగువకు సర్కారు బియ్యం తోలతాడు. ఊరు చూస్తానని మల్లేశు కూడా ఒకసారి వెంట వచ్చాడు. ఎద్దును చూశాక శెట్టి ఇంకేమీ చూడలేదు. ఎద్దు నాది. కాగితం నా కొట్లోది. దీపంలో నూనె నాది. పిల్ల నాది. పేరు మాత్రం వీడిదా?

పుస్తకం పూర్తయిన రోజు మల్లేశు మూట తెచ్చి చేతికిచ్చాడు.

"మా అమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది, శెట్టిగారూ. ఊరెళ్లొస్తాను. అచ్చుకూటం మనిషి నల్ల గొంగళి కప్పుకొని జి.మాడుగుల సంతకొస్తాడు. ఇది ఆయనకందించండి. మీ మూటలైతే దారిలో ఎవరూ విప్పరు."

"అట్ట మీద పేరు లేదేటి మాస్టారూ?"

"పిల్లలకు చీమ కావాలి గానీ నా పేరెందుకండీ."

ఆ మాట ముల్లులా దిగింది. వద్దన్నవాడి వెంటే పడుతుంది పేరు. కావాలన్నవాడు ఉప్పు తూస్తూ కూర్చోవాలి.

జి.మాడుగుల దారిలో శెట్టి ఎద్దును ఆపి మూట విప్పాడు. సంతలో ఒక కట్టుబాటుంది. ఏ వర్తకుడైనా బస్తా మీద మసితో తన గుర్తు వేసుకోవాలి. గుర్తు లేని బస్తా, ముందు గుర్తేసినవాడిది. పెద్దల దగ్గరకెళ్లినా అదే తీర్పు.

పుల్ల మసిలో ముంచి అట్ట మీద పెద్దక్షరాలతో రాశాడు: కథ, బొమ్మలు వరహాలుశెట్టి, హుకుంపేట. కింద తన త్రాసు గుర్తు కూడా వేశాడు. కడుపులో మంట చల్లారింది.

గొంగళి మనిషి మూట విప్పనైనా లేదు. బేరం లేదు, మాట లేదు. చంకన పెట్టుకుని జనంలో కలిసిపోయాడు. 'సరుకు సూడకుండా కొంటారు, ఈల్లేం యాపారం సేత్తారు!' అనుకున్నాడు శెట్టి.

మల్లేశు తిరిగి రాలేదు. తర్వాతి సంత రోజు ఇంకా ఎండెక్కలేదు. కొండ మీంచి జనం గానీ, వాళ్లతో వచ్చే కబుర్లు గానీ దిగలేదు. కోటు తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన దుకాణం ముందు ఆగాడు. చేతిలో అదే పుస్తకం.

"వరహాలుశెట్టిగారంటే?"

"నేనే బాబూ, దయసెయ్యండి!"

"ముచ్చటగా ఉన్నాయండీ. ఇవన్నీ మీరే గీశారా?"

శెట్టి గొంతు పెంచాడు. పక్క కొట్టు గంగరాజు వినాలి.

"నేను గాక ఇంకెవుడు గీత్తాడు బాబూ?"

"మాస్టారు కదేటి నాన్నా?" అంది అప్పలకొండ.

"ఊరుకోయే గుంటా! ఆడికి కుంచె పట్టడం నేర్పిందే నేను."

పెద్దమనిషి నవ్వి పేజీ తిప్పాడు. "ఈ దారి, ఈ వెనకతలుపు, ఈ మూలగది... చూసినట్టే ఉన్నాయే!"

"సూసినట్టేటి? సూసే గీసినాను. నెలనెలా ఎల్తాను గదా. ఆ ఎద్దు నాదే, అదిగో కట్టేసుంది."

"చెరుకుగడలు కూడా ఎన్నుంటే అన్నీ వేశారు."

"లెక్కలో నేను తప్పను బాబూ."

"మరోసారి నలుగురూ వినేలా చెప్పండి. పుస్తకం ఎవరిది?"

శెట్టి అట్ట మీది త్రాసు బొమ్మను వేలితో తట్టాడు. కూతురి వైపు గర్వంగా చూశాడు.

"గుర్తు ఎవుడిదో సరుకు ఆడిది. ఇదీ సంత కట్టుబాటు!"

పెద్దమనిషి పుస్తకం మూసి ఈల వేయగానే ఎర్రతలపాగాల జవాన్లు దుకాణాన్ని చుట్టుముట్టారు, "మొన్న ఈ శెట్టిగారు బియ్యం తోలే మన ఠాణాలో తుపాకులన్నీ ఎత్తుకుపోతూ ఈ పుస్తకం జారవిడుచుకున్నవాళ్లకు దారి గీసిచ్చింది ఈయనేనట, ఆ ఎద్దుతో సహా తోలుకు పదండి" అన్నాడాయన.