మిడత బాయిలరు

"ఒరే రాల్ఫ్, ఇంత పల్చటి బాయిలరుకి నేను పంపు పెట్టనురా. ఇనప పలక మార్చుకుని రా," అన్నాడు వాల్టర్ గ్రీన్‌వెల్.

"పెట్టన్నా. పాత పటంలో ఉన్న మందాన్నే ఈ సైజు లెక్కకి కుదించి చేశాను."

హాగ్‌డెన్ మోడల్ ఇంజన్ల క్లబ్బులో బాయిలర్లు పరీక్షించేది వాల్టరే. నిప్పు పెట్టే ముందు బాయిలరు నిండా చన్నీళ్ళు పోసి, చేతిపంపుతో ఒత్తిడి పెంచుతాడు. మామూలు ఒత్తిడికి రెట్టింపు తట్టుకుంటే సంతకం పెడతాడు. లేదంటే ఇంటికి పొమ్మంటాడు.

బల్ల మీదున్నది మిడత అనే ఇంజనుకి చిన్న నమూనా. అసలుది నూట డెబ్బయ్యేళ్ళ కిందట ఈ ఊరి బొగ్గు గనిలో నడిచిన ఇంజను. నడిచిందంటే నిజంగానే నడిచింది. ఇనప పట్టాల మీద ఇనప చక్రాలు జారిపోతాయని యజమాని దానికి వెనక రెండు కాళ్ళు పెట్టించాడు. అవి నేలని తన్నుతూ ఇంజన్ని తోసేవి. యజమానుల తెలివి అట్లా ఏడుస్తుంది.

ఒకరోజు బాయిలరు పేలి ఎనిమిది మంది పోయారు. చర్చి ముందు రాయి మీద ఏడు పేర్లే ఉన్నాయి. ఎనిమిదోవాడు డ్రైవరు జోసెఫ్ ట్విడెల్. ఆవిరి ఎక్కువైతే తనంతట తెరుచుకునే మూతని అతనే తాడుతో కట్టేశాడని విచారణలో తేల్చారు. చూశానని చెప్పింది ఒక్క మనిషి. యజమానికి ఆ ఒక్కడు చాలు. చచ్చినవాడు ఎదురు చెప్పడు కదా.

రాల్ఫ్ గని మూతపడేదాకా అందులో ఫిట్టరు. పదకొండేళ్ళ కిందట కౌంటీ దస్తావేజుల గదిలో అతనికి మిడత పటం దొరికింది. నకలు తీయించుకున్నాడు. దాని కిందే విచారణ కాగితాలున్నాయి. అవీ చదివాడు. వాటి నకలు అడగలేదు.

ఇంటి వెనక షెడ్డులో పని మొదలుపెట్టాడు. ఆ వరుసలో కంపెనీకి అద్దె కట్టని ఇల్లు రాల్ఫ్ వాళ్ళ హెస్లప్ కుటుంబానిదొక్కటే, తాతల నాటినుంచీ. ఒక్క బోల్టు కూడా కొనలేదు. పలకకి కొత్త ఇనుము పనికిరాదని, ఆ కాలపుదే కావాలని గని పాత గేటు తుక్కు తెచ్చి సాగగొట్టాడు. గని సమ్మె జరిగిన ఏడాది ఇంట్లో పొయ్యికి బొగ్గు లేదు. ఆ చలికాలమూ రివెట్లు కొట్టాడు.

గోడవారగా నెల్ ట్విడెల్ నిలబడి ఉంది. బేకరీ నడిపే ముసలావిడ, ఆ డ్రైవరు వంశం. చిన్నప్పుడు బళ్ళో ఆమెని "తాడు నెల్" అనేవాళ్ళు. ఇప్పుడు ఆమె మనవల్ని అంటున్నారు. డ్రైవరు తప్పు లేదని క్లబ్బు సంతకంతో కాగితం తెస్తే ఎనిమిదో పేరు చెక్కిస్తామని చర్చి కమిటీ మాటిచ్చింది. తేలేరన్న ధైర్యంతోనే ఇచ్చింది.

"రెట్టింపు ఒత్తిడి నిలవాలంటే ఈ మూత తీసేసి బిరడా బిగించాలి," అన్నాడు వాల్టర్.

"ముట్టుకోవద్దన్నా. అది యాభై పౌన్ల ఒత్తిడికి తెరుచుకుంటుంది. తాడేమీ లేదు, నువ్వే చూసుకో."

వాల్టర్ పంపు కొట్టాడు. ఇరవై. ముప్పై. నలభై ఒకటి.

ముందు పలక అతుకు దగ్గర చిట్లింది. పేలుడూ లేదు, పాడూ లేదు. సన్నటి నీటిధార వచ్చి వాల్టర్ బూటులో పడింది.

వాల్టర్ టోపీ తీశాడు. "పదకొండేళ్ళ కష్టంరా. మూత తెరుచుకునేలోపే పోయింది. సంతకం పెట్టలేను."

"పెట్టాలన్నా. నలభై ఒకటికే పలక చిట్లిందని రాసి పెట్టు."

వాల్టర్ తడిసిన బూటుకేసి చూశాడు. తర్వాత మూతకేసి చూశాడు.

"అంటే... తాడు కట్టినా కట్టకపోయినా..."

"పేలేదే. చంపింది ఆ పల్చటి పలక."

వాల్టర్ కూర్చుని పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. సంతకం కింద రెండు గీతలు గీశాడు.

నెల్ ముక్కు చీదుకుని, సంచిలోంచి పంది మాంసం పెట్టిన రొట్టె తీసింది. "తినరా నాయనా, ఎముకలు బయటికొచ్చాయి. రక్తసంబంధం లేకపోతే ఇంత చాకిరీ ఎవడు చేస్తాడు? మీ అమ్మమ్మ వైపునుంచి నువ్వు మా ట్విడెల్‌వేనని మా ఇంట్లో అందరం అనుకుంటాం. ఔనా?"

రాల్ఫ్ రొట్టె అందుకోలేదు.

"కాదక్కా, తాడు చూశానని బైబిలు పట్టుకుని చెప్పిన ఆ ఒక్కడు మా ముత్తాత తండ్రి."