గులాబీ రంగు నీళ్లు

"మళ్లీ వచ్చాడమ్మా సీసా తాత," అని గుమ్మంలోంచి చెప్పి అటెండరు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె ఒళ్లు మండింది. పొద్దున్నుంచి నీటి పరీక్షల ల్యాబులో ఏ పనీ ఒక కొలిక్కి రాలేదు. స్వేదనజలం తీసే యంత్రం మొరాయించింది. ఏటి నీళ్ల సీసాలు బల్ల నిండా బారులు తీరి ఉన్నాయి, సాయంత్రంలోగా చూడకపోతే వాటిని తెచ్చిన శ్రమంతా వృథా. పెద్దసారు అప్పటికే తొంగిచూసి, రిపోర్టు ఇంకా కాలేదా అని సణిగి వెళ్లాడు.

ఇప్పుడు ఈయనొకడు, మూలిగే నక్క మీద తాటిపండులా.

తాత తన సీసా తెచ్చి బల్ల అంచున పెట్టాడు. వాళ్ల వీధి బోరింగు నీళ్లు.

ఆ బోరింగును మూయించింది ఆమే. నీళ్లు చూపుకి తేట, నోటికి తీపి. కానీ నైట్రేటు ఎక్కువ. పెద్దవాళ్లు తట్టుకుంటారు గాని పాలుతాగే పసివాళ్లు నీలంగా మారి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. వెళ్లి ఆ మాటే చెబితే వీధిలో ఆడవాళ్లు నమ్మలేదు. కాపురానికి వచ్చిననాటి నుంచీ తాగుతున్నాం, మాకేమైందన్నారు. కుళాయి పెద్దరోడ్డు అవతల ఉంది, బిందెలు నువ్వొచ్చి మోస్తావా అని ఒకావిడ ముఖం మీదే అడిగింది. ఆమె బోరింగు పిడికి గొలుసు వేయించి వచ్చేసింది.

అప్పుడు పట్టుకున్నాడు ఈ ముసలాయన. వారం తిరిగేసరికి సీసాతో ప్రత్యక్షం. నేలలోని నీళ్లు వారానికోసారి గుణం మార్చుకోవని ఎంత చెప్పినా వినడు. ఎలాగైనా గొలుసు తీయించాలని ఈయన పట్టుదల అనుకుంది.

పోరు పడలేక పరీక్ష చేసేది. గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు కలిపితే గులాబీ రంగు వస్తుంది. నైట్రేటు ఎంత ఉంటే రంగు అంత చిక్కన. అది వచ్చేదాకా తాత రెప్ప వేసేవాడు కాదు. వచ్చాక గట్టిగా ఊపిరి వదిలి, ఆ గొట్టం తనకిచ్చెయ్యమనేవాడు.

మందు కలిపిన నీళ్లు బయటికి ఇవ్వకూడదు. అయినా పీడా పోతుందని మూత బిగించి ఇచ్చేది. పీడా పోలేదు. ఆ రంగు నిలవదు, కొన్నాళ్లకి వెలిసిపోతుంది. వెలవగానే మళ్లీ వచ్చేవాడు.

"రంగు పోయింది తల్లీ," అన్నాడు ఆవేళ కూడా.

"పోక ఉంటుందా? అదేమైనా చీరకద్దిన రంగా?"

"ఇంకొక్కసారి చూడు."

"తాతా, నువ్వు బండెడు సీసాలు తెచ్చినా ఆ గొలుసు తీయించను."

"అది కాదు తల్లీ, వీధిలో వాళ్లు..."

"వీధిలో వాళ్లందరి తరఫునా నువ్వు వకాల్తా పుచ్చుకున్నావా?"

అంటూనే సీసా అందుకుని, ఆయన చూస్తుండగానే సింకులో ఒంపేసింది. ఇక రావద్దని చెప్పి ఖాళీ సీసా చేతిలో పెట్టింది.

తాత దాన్ని పైపంచెతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. నీ పని చెడగొట్టాను, ఏమీ అనుకోకు తల్లీ అని చెప్పి మెల్లగా మెట్లు దిగిపోయాడు.

మరి రాలేదు.

వానలు వెనకబట్టాక నీళ్లు మరోసారి చూద్దామని ఆమే ఆ వీధికి వెళ్లింది. బోరింగుకి గొలుసు లేదు. బిందెలు వరసలో ఉన్నాయి. పసిపిల్లని చంకనేసుకుని ఒకావిడ నీళ్లు కొడుతోంది.

"గొలుసు ఎవరు తీశారు?"

"మేమే. నీళ్లు బాగుపడ్డాయిగా."

"ఎవరు చెప్పారు?"

"చెప్పేదేముంది మేడం. ముసలాయన గులాబీ నీళ్లు చూపించడం మానేశాడు. విషం పోయింది కాబట్టే రంగు రావట్లేదనుకున్నాం."

ఆమెకి ఏమీ బోధపడలేదు. ఆవిడే బిందె దించి చెప్పుకొచ్చింది. తాత పొద్దస్తమానం ఈ గట్టు మీదే కూర్చునేవాడట. బిందె పట్టుకుని ఎవరొచ్చినా, ల్యాబులో ఈమధ్యే చూశారు, ఇంకా ఇలాగే ఉంది అని గొట్టం ముఖానికి ఎదురుగా పెట్టేవాడట. బోరింగుకి మొగుడు దొరికాడే అని నవ్వుకున్నా, ఆ రంగు చూశాక ఎవరికీ తాగబుద్ధయ్యేది కాదట. రంగు వెలిస్తే ల్యాబుకి పరిగెత్తేవాడట. చివరిసారి ఖాళీ సీసాతో వచ్చాడు. రంగేదీ అంటే ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. గొలుసు విరగ్గొట్టిన రోజున మూట సర్దుకుని, ఎక్కడికో చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఆమె అక్కడే గట్టు మీద సంచి విప్పింది. బోరింగు నీళ్లు గొట్టంలో పట్టి మందు కలిపింది.

గొట్టంలో గులాబీ రంగు ఎప్పటికన్నా చిక్కగా తేలింది.

ఆడవాళ్లు బిందెలు ఒంపేశారు. ఆమె వంగి, ఆవిడ చంకలోని పిల్ల పెదాలూ గోళ్లూ చూసింది. ఎర్రగానే ఉన్నాయి. అయినా ఇవాళే డాక్టరుకి చూపించమంది.

"నేను దీనికి మరగబెట్టే పడుతున్నాను మేడం," అంది తల్లి.

"మరగబెడితే ఆవిరయ్యేది నీళ్లే. విషం మిగిలి ఇంకా చిక్కబడుతుంది."

తల్లి పిల్లని గుండెకి అదుముకుంది.

"తాత కూడా అదే అన్నాడు. వెళ్లిపోతూ మా గుమ్మంలో ఆగి, దీనికి మాత్రం ఈ నీళ్లు మరగబెట్టి పట్టొద్దని బతిమాలాడు. నేనే వినలేదు."

"ఆయనకెలా తెలుసు?"

ఆవిడ గులాబీ రంగుకేసి చూసింది.

"మీరు ఇక్కడికి రాకముందు, ఆయన మనవరాలు ఉయ్యాల్లోనే నీలంగా మారిపోతే గుండెజబ్బేమో అనుకున్నాం మేడం, తల్లి లేని ఆ పిల్లకి ఈ నీళ్లే పూటపూటా మరగబెట్టి, చల్లార్చి, పాలపొడి కలిపి పట్టింది ఆయనే."