దండ ఫోటోలు

"ముందు ఆ సెయ్యి దానిమీంచి తియ్యే," అంది వనజాక్షి, కాలేజీ కంప్యూటర్ ల్యాబు గుమ్మంలోంచే.

అపర్ణ మౌస్ వదల్లేదు. "అమ్మా, చెప్పులు బయట విప్పి రా. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయి."

"దుమ్ముకి భయమా నీకు? దీనికన్నా అసియ్యం ఉంటాదేటి?"

తెర నిండా ఓ ముసలాయన ముఖం. కళ్లు మూసుకుని ఉన్నాయి. ముక్కుల్లో దూది. అపర్ణ మౌస్ కదిపినకొద్దీ ఆ దూది చెరిగిపోతోంది. ఒక ముక్కు శుభ్రమైంది, రెండోది సగంలో ఉంది. వనజాక్షి కూతురి చేతినే చూసింది. నిన్న ఈ చేత్తోనే పిల్ల అరచేతిలో చారు వేసుకుని ఉప్పు చూసింది.

కంప్యూటర్ మాస్టారు రవికాంత్ గబగబా వచ్చాడు. "ఏమైందమ్మా?"

"సదువుకోమని పంపితే పిల్లలసేత శవాల ముక్కులు తుడిపిస్తన్నారేటి బాబూ?"

"ఇది ప్రాజెక్టండీ. బోర్డు మీద సుద్దముక్కతో చెబితే కంప్యూటర్ రాదు, నిజం పని చేతులారా చెయ్యాలి. మన స్టూడియోల వాళ్ల దగ్గర కంప్యూటర్లు లేవు కదా, బాగు చెయ్యాల్సిన ఫోటోలు కవర్లలో పెట్టి ఇక్కడికి పంపుతారు. ఒక్కొక్కరికి ఆరు."

"అన్నీ సచ్చినోలవేనా?"

మాస్టారు తల గోక్కున్నాడు. "ఎక్కువ అవేనమ్మా. మన స్టీలు ప్లాంటు వాళ్లు బతికుండగా విడిగా ఫోటో ఎక్కడ తీయించుకుంటారు? గేట్‌పాస్ మీద ఒకటి, ఎవరి ఫంక్షన్‌లోనో గుంపులో ఒకటి. మనిషి పోయాక, దండ వెయ్యడానికి పన్నెండో రోజులోపు కావాలని పరిగెత్తుకొస్తారు. గుంపులోంచి మొహం కోసి ఇస్తాం. అదీ లేనివాళ్లు ఇదిగో, ఇలా పాడె మీద తీసింది తెస్తారు."

"మరి కళ్లు మూసుకునున్నాడు కదేటి?"

"తెరుస్తానమ్మా," అంది అపర్ణ. "వాళ్ల తమ్ముడి ఫోటో కూడా ఇచ్చారు. ఆయన కళ్లు తీసి ఈయనకి పెడతాను."

వనజాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బతికున్నవాడి కళ్లు పీకి చచ్చినవాడికి పెట్టడం. రేపు ఆ తమ్ముడికి ఏదైనా అయితే ఎవరి మెడకి చుట్టుకుంటుంది? ఆ ఉసురు తన పిల్లకే కదా తగిలేది.

"ఇంటికొచ్చి ఒక్కరోజైనా తానం సేసేవా? ఈ మైలతోటే నా వంటింట్లో తిరిగేవా?"

"మన క్యాంప్ టూ ఇళ్లల్లో నీళ్లు వచ్చేదే గంటసేపు. ఫోటోకొకసారి స్నానం ఎలా చెయ్యనమ్మా?"

పక్క కంప్యూటర్ దగ్గర కూర్చున్న రజనీకుమారి కిసుక్కున నవ్వింది. అపర్ణ క్లాసే, రుఆబాంధా బస్తీ పిల్ల. "టెన్షన్ మత్ లో ఆంటీ. వీళ్లు చాలా మంచోళ్లు. ఎంత సతాయించినా చుప్‌చాప్ కూర్చుంటారు."

"నువ్వు నోరుముయ్యమ్మా. మీ అమ్మకి తెలుసా నీ యవ్వారం?" వనజాక్షి కూతురి మణికట్టు పట్టుకుంది. "లెగు. సంచీ తీసుకో. ఈ సదువూ వద్దు, ఈ రోతా వద్దు."

"శనివారానికి ఆరూ ఇవ్వకపోతే ఫెయిలేనమ్మా," అన్నాడు మాస్టారు. "ఏడాది పోతుంది."

"పోతే పోనీ. పిల్ల మిగిలితే సాలు నాకు."

"అయిదు అయిపోయాయి, అమ్మా. ఈ ఒక్కటే," అంది అపర్ణ.

వనజాక్షి వినలేదు. కూతుర్ని లాక్కుంటూ నడిచింది. ఆ తెరలేవీ కంటబడకూడదని తల పక్కకి తిప్పుకుంది. తిప్పుకున్న వైపే రజనీకుమారి కంప్యూటరుంది.

అందులో ఒక ఆడమనిషి. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. మెడ చుట్టూ బంతిపూల దండ. కింద వెలుగుతున్న దీపం. దండ నీడ ఇంకా సగమే పడింది. మనిషి మాత్రం నవ్వుతోంది, ఎడమ కనుబొమ్మ మీద గాటుతో సహా.

వనజాక్షి చెయ్యి తన ఎడమ కనుబొమ్మ మీదికి వెళ్లింది.

"రజనీ," అంది అపర్ణ. "ఇది మా అమ్మ."

రజనీకుమారి మౌస్ మీంచి చెయ్యి లాగేసుకుంది. "నాకేం తెలుసే? స్టూడియో వాళ్ల కవర్లో వచ్చింది. మా కసమ్, అమ్మతోడు."

"నన్ను సంపేసినారేటి?" అంది వనజాక్షి. తన ముఖానికి దండ. తన బొట్టుని ఎవరో పెద్దది చేశారు. స్టూలు మీద కూలబడింది.

మాస్టారు కవర్లోంచి అసలు ఫోటో తీసి చూశాడు. ఎవరిదో సీమంతంలో పదిమంది ఆడవాళ్లు వరసగా నిలబడి తీయించుకున్నది. "కంగారు పడకండమ్మా. పోయినావిడ ఈ వరసలోనే ఇంకెవరో అయ్యుంటారు. స్టూడియో వాడు పక్కమనిషి చుట్టూ గీత గీసుంటాడు. ఇలా ఇంతకుముందు కూడా జరిగింది."

వనజాక్షికి ఊపిరి వచ్చింది. "అదీ, అలా సెప్పండి. పక్కావిడెవలో అయ్యుంటాది. పాపం, ఏ తల్లో. ఆ కవరు మీదేటి రాసుందో సదవ్వే."

కవరు మీద హిందీ. అపర్ణ చేతిలోకి తీసుకుంది. చదవడానికి నోరు తెరిచి, ఆగింది.

"ఏటే?"

"నాన్న రాతమ్మా ఇది."

"మీ నాన్నకేటి పని ఇక్కడ? సదువు."

అపర్ణ ఒక్కొక్క మాటా తెలుగులోకి మార్చుకుంటూ చదివింది: "చనిపోయిన నా మొదటి భార్య. ఫోటో కొంచెం పెద్దది చెయ్యండి, కుమ్హారీ ఊళ్లో ఉన్న నా రెండో భార్య రోజూ ఈమెకి దీపం పెట్టుకుంటానంటోంది."