లేటు తాత మూట

పచ్చిక మైదానం నాలుగో ముక్క గేటు దగ్గర సర్వే ఆఫీసరు ఆయన్ను ఆపింది.

ఆయన గడ్డి కోసే మనిషి. భుజాన కోత మిషను, వీపున మూట. ఏ ఏడూ చెప్పిన తేదీకి కోత మొదలుపెట్టడని ఆఫీసులో అందరూ లేటు తాత అంటారు.

"మూటలో ఏముంది?"

"కోసిన గడ్డి మేడమ్."

"అది డంపుకి పోవాలి కదా. ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"ఆరో ముక్కకి. అక్కడ పరుస్తాను."

"మిషను కడిగారా?"

"కోతలన్నీ అయ్యాక కడుగుతాను."

ఆమె రూలు చదివి వినిపించింది. గేటు దాటే ముందు మిషను కడగాలి. ఒక ముక్కలో గడ్డి ఇంకో ముక్కలో పడకూడదు.

"మొక్కలకి కాళ్లు లేవు కదా మేడమ్. నాకున్నాయి."

"జోకులు తర్వాత. ముందు మూట దించండి."

ఆయన దించాడు.

ఒకప్పుడు అదంతా ఒకే పచ్చిక మైదానం. రోడ్లు, బస్ డిపో, కాలనీ వచ్చి ఆరు ముక్కలైంది.

ముక్కలైన నేలలో మొక్కలు వెంటనే పోవు. ఉన్నవి పూస్తూనే ఉంటాయి. కానీ ఒక ముక్కలో పోయిన రకం పక్క ముక్క నుంచి రోడ్డు దాటి రాలేదు. పాతికేళ్లకో ముప్పయ్యేళ్లకో ఒక్కో పేరూ జాబితాలోంచి పోతుంది. పక్క ఊళ్లలో అలా మూడో వంతు పోయాయి.

ఇక్కడ రోడ్లు పడ్డప్పుడు అరవై రెండు రకాలు. ముప్పయ్యేళ్ల తర్వాతా అరవై రెండే.

ఆ అంకెను ఆమె తన గది తలుపు మీద రాయించింది. చూడటానికి వచ్చినవాళ్లు రహస్యం అడిగితే ఒకే మాట చెప్పేది.

"కంచె. మేం వేసినట్టు ఎవరూ వెయ్యలేదు."

ఆ అంకె చెడకూడదనే మెమో రాసింది. లేటు తాతకు అది నాలుగోది. మొదటి మూడూ ఆలస్యానికి వచ్చినవి.

ఆయన్ను స్టోరుకు మార్చారు. ఆ ఏడే రిటైరయ్యాడు. కొత్త మనిషి చెప్పిన తేదీకి కోశాడు. గేటు గేటుకీ మిషను కడిగాడు.

ఏడేళ్లకు లెక్క యాభై ఏడుకు దిగింది.

ఆమె మళ్లీ లెక్కపెట్టింది. యాభై ఏడే.

కంచె చూసింది. ఎక్కడా తెగలేదు. మట్టి పరీక్ష చేయించింది. తేడా లేదు. మారింది కోసే మనిషి ఒక్కడే.

పాత కోత తేదీలు అడుగుదామని ఆయన ఇంటికి వెళ్లింది. కూతురు జాకెట్టు కుడుతోంది. సూది ఆపి లేచింది.

"నాన్న పోయి రెండేళ్లయింది మేడమ్."

ఆఫీసరు చెప్పులు విప్పి గదిలోకి వచ్చింది.

"కోత తేదీలు ఎక్కడైనా రాశారేమోనని వచ్చాను."

"రాయకేం? సరుకుల చీటీ రాయమంటే బద్ధకం గానీ, గడ్డి సంగతి రోజూ రాసేవారు. తన తోట ఈ ఊళ్లో అందరి తోటల కన్నా పెద్దదనేవారు. ఇంట్లో ఒక్క పూలకుండీ ఉంటే ఒట్టు."

ఆయన రాసిన పుస్తకాలు తేవడానికి కూతురు లోపలికి వెళ్లింది. గోడ మీద ఫ్రేము కట్టిన కాగితం ఒకటి ఉంది. ఆఫీసరు దగ్గరికెళ్లి చూసింది. కింద తన సంతకమే.

'అనుమతి లేకుండా ఒక ముక్క గడ్డిని మరో ముక్కకు తరలించినందుకు...'

"మెమోకి ఫ్రేమేంటి?" అంది, కూతురు తిరిగి రాగానే.

"నేనూ అదే అడిగాను. నేను చేసిన పని ఆఫీసు కాగితం మీద ఉన్నది ఇదొక్కటేనే అమ్మా అన్నారు. చుట్టాలొస్తే ముందు ఇదే చూపించేవారు."

ఆఫీసరు పుస్తకం తెరిచింది.

'ఈ ఏడు గింజ ఇంకా పండలేదు. కోత ఆపాను. మెమో ఇచ్చారు.'

'ఒకటి నుంచి నాలుగుకి రెండు మూటలు. నాలుగు నుంచి ఆరుకి ఒకటి.'

'నీలి పువ్వు ఆరులో పోయింది. రెండు నుంచి తెచ్చి పరిచాను.'

'నీలి పువ్వు ఆరులో మళ్లీ మొలిచింది.'

ఏ పుస్తకం తెరిచినా అవే రాతలు.

అన్నిటికన్నా అడుగున ఉన్న పుస్తకంలో, మొదటి పేజీలో, రోడ్లు తెరిచిన నెల తేదీ కింద ఒకే వాక్యం ఉంది:

'గొర్రెల మందల కాళ్లకీ బొచ్చుకీ అంటుకుని గింజలు మైదానమంతా తిరిగేవి, ఇప్పుడు మందలు రావు కాబట్టి ఇకమీదట నేను మోస్తాను.'