ఇద్దరిదీ ఒకే జవాబు

డేటింగ్ యాప్ ఆ జంటకు నూటికి నూరు మార్కులు వేసింది. అడిగిన ప్రతిదానికీ ఇద్దరిదీ ఒకే జవాబు. పెళ్ళయి నాలుగేళ్ళయినా భార్య ఆ ముక్క నలుగురిలో గొప్పగా చెబుతూనే ఉంది.

ఆమె చెల్లెలు స్నానానికి వెళ్తూ చంటిపాపను బావ ఒళ్ళో పడుకోబెట్టింది. తన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నాడతను.

"నీకు పిల్లలు వద్దుగా, ఇటివ్వు," అంది భార్య.

"వద్దని ఎవరన్నారు? యాప్‌లో పిల్లలు కావాలని పెడితే అమ్మాయిలు పారిపోతారని మా అన్నయ్య అలా పెట్టించాడు. తీరా చూస్తే నువ్వూ వద్దనే పెట్టావు. ఇంక నేను నోరు మెదపలేదు."

అతని జవాబులు చూసి, అవే తనవిగా పెట్టానని ఆమె ఎన్నడూ చెప్పలేదు.

"నిరుడు ఒకసారి అడిగేద్దామనుకున్నా," అన్నాడు పాప వీపు నిమురుతూ. "మీ చెల్లెలి దగ్గర రెండ్రోజులుండొస్తానని వెళ్ళావే, అప్పుడు. మొహం పాలిపోయి వచ్చావు. ఇప్పుడెందుకులే అని ఊరుకున్నా."

ఆ రెండు రోజుల్లోనే ఆమె కడుపు తీయించుకుంది. అతనికి ఇష్టముండదని.

"ఇంతకీ నీకు నిజంగానే వద్దా?"

"వద్దు," అంది, పాపను అతని చేతుల్లోంచి లాక్కుంటూ.