దయ్యాల కొంపకు పెరటి తలుపు

చీకట్లో జనం కాళ్ళకింద చెక్క పలక కిర్రుమంది.

దయ్యం దూకాడు.

జనం కెవ్వుమన్నారు. ఒక్క పెద్దావిడ మాత్రం నిలబడ్డచోటే నిలబడింది.

"నీళ్ళు తాగావా నాయనా?" అని అడిగింది.

కెవ్వుమన్న నోళ్ళే పకపకా నవ్వాయి. రబ్బరు ముసుగు లోపల దయ్యం ముఖం మాడిపోయింది.

నగరం చూడ్డానికి వచ్చినవాళ్ళు పొద్దున కోట, మధ్యాహ్నం మ్యూజియం చూసి, పిల్లల పోరు పడలేక సాయంత్రానికి ఈ వినోదాల పార్కులో తేలతారు. గిర్రున తిప్పేవి, తలకిందులు చేసేవి ఎన్ని ఉన్నా పొడుగాటి వరస దయ్యాల కొంప ముందే.

ఆ కొంపలో బొచ్చు కోటు, ముసుగు తొడుక్కుని జనం మీదికి దూకడం అతని ఉద్యోగం. అసలు పేరు పార్కులో ఎవరికీ గుర్తులేదు. జీతం ఇచ్చేటప్పుడు కూడా దయ్యం అనే పిలుస్తారు. ఇంట్లో కూతురు మాత్రం అతని మాటకు భయపడి అన్నం ముద్ద కూడా మింగదు.

ఆదివారం వచ్చిందంటే ఆ పెద్దావిడా వచ్చేది. ఒంటరిగా. టికెట్టు కొనుక్కుని మరీ.

వేరే ఆటల వంక కన్నెత్తి చూసేది కాదు. దయ్యాన్ని నీళ్ళు తాగావా అని అడిగేది. తర్వాత అతని వెనక గోడకున్న చిన్న తలుపు తోసి, అందులోంచే బయటికి పోయేది.

తెరిచిన తలుపులోంచి పడే వెలుతురులో అస్థిపంజరానికి కట్టిన తీగలు, గోడకు పూసిన ఎర్రరంగు అన్నీ బయటపడేవి. ఇక భయమెక్కడిది?

సూపర్‌వైజరు దయ్యాన్ని పిలిచి గడ్డి పెట్టాడు.

"జనం నవ్వాలంటే జోకర్ని పెట్టుకుంటాను. నీ బదులు మరబొమ్మను నిలబెడితే అది నీళ్ళూ అడగదు, సెలవూ అడగదు."

 దయ్యం ఇల్లు గడిచేది ఈ దూకుడు మీదే.

టికెట్ల అక్క దగ్గరికి వెళ్ళి, ఈసారి ఆవిడ వస్తే టికెట్లు అయిపోయాయని చెప్పమన్నాడు. అక్క తలెత్తలేదు. అలాంటి మాట తన నోట రాదంది. ఎందుకని అడిగితే చిల్లర లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

ఆదివారం తనే కౌంటరు దగ్గర కాపు కాశాడు. ముసుగు చంకలో పెట్టుకుని.

"అమ్మా, ఇది మీకు కాలక్షేపం. నాకు కూడు. ఇంక రాకండి."

ఆవిడ అతని ముఖం చూడటం అదే మొదలు. చెమట కారుతున్న ఆ ముఖాన్ని కాసేపు అలాగే చూసింది.

"ఆ తలుపుకు తాళం వెయ్యట్లేదు కదా?"

"తలుపు గొడవ మీకెందుకమ్మా?"

"సరే నాయనా. రానులే."

పోతూ పోతూ టికెట్ల అక్క చెవిలో ఏదో చెప్పింది.

దయ్యానికి పీడ వదిలింది.

కేకలు మళ్ళీ జోరందుకున్నాయి. సూపర్‌వైజరు భుజం తట్టాడు. ముందు ఆ తలుపు సందులో నల్లగుడ్డ కుక్కించాడు. ఆ తర్వాత, టికెట్టు లేనివాళ్ళు దూరుతున్నారని చెప్పి, బయటినుంచి తాళం వేయించాడు.

దయ్యం కిమ్మనలేదు. తాళం వెయ్యడానికి పైవాళ్ళకు ధైర్యం అక్కర్లేదు. అడిగే మనిషి లేకపోతే చాలు.

వేసవి సెలవులొచ్చాయి. వరస పార్కు గేటు దాకా పాకింది. ఒక గుంపు పోతూనే ఇంకో గుంపు. ముసుగు తీసి గాలి పీల్చుకునే సందు లేదు.

ఒక మధ్యాహ్నం పలక కిర్రుమంది. దయ్యం దూకలేకపోయాడు.

కళ్ళు బైర్లు కమ్మాయి. బొచ్చు కోటు ఒంటికి అతుక్కుపోయింది. ముసుగు కొక్కేలు మెడ వెనక ఉంటాయి. వేళ్ళు మాట వినలేదు. గోడ తడుముకుంటూ పోయి తలుపు తోశాడు.

కదల్లేదు.

రెండు చేతులా బాదాడు.

"తలుపు తియ్యండి! చచ్చిపోతున్నా!"

చీకట్లో జనం ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఇవాళ దయ్యం ఇరగదీస్తున్నాడని ఎవరో మెచ్చుకున్నారు. చచ్చిపో, చచ్చిపో అని పిల్లలు చప్పట్లు కొట్టారు. బయట సూపర్‌వైజరు ఆ కేకలు విని మీసం దువ్వుకున్నాడు.

టికెట్ల అక్క ఒక్కతే లేచింది. వరసలో జనం తిడుతున్నా కౌంటరు వదిలేసి, వెనక్కి పరుగెత్తి, ఇటుకరాయితో తాళం పగలగొట్టింది.

కళ్ళు తెరిచేసరికి దయ్యం గోడ నీడలో పడి ఉన్నాడు. ముసుగు పక్కనుంది. గుండెల మీద తడిగుడ్డ ఉంది. గోడ అవతల సూపర్‌వైజరు, ఆట కాసేపట్లో మొదలవుతుందని జనాన్ని బుజ్జగిస్తున్నాడు.

"అందరూ నవ్వుతుంటే నీకెలా తెలిసిందక్కా?"

"నాకేం తెలుసు తమ్ముడూ? ఆ తలుపు మీద ఒక చెవి వేసి ఉంచమ్మా అని ఆవిడ చెప్పి పోయింది."

దయ్యం గోడ పట్టుకుని లేచి కూర్చున్నాడు. వచ్చే ఆదివారం ఆవిడకు తనే టికెట్టు కొంటానన్నాడు. జనమందరి ముందూ ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ నీళ్ళు తాగుతానన్నాడు.

"ఇంకెక్కడి ఆదివారం? కిందటి నెలలోనే కన్నుమూసింది."

ఆవిడెవరో ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

ఈ కొంపలో ఒక ప్రాణం పోయిన సంగతి ఎత్తితే ఉద్యోగం ఊడుతుందని పైవాళ్ళ హుకుం అట. అదీకాక ఆవిడే వద్దందట, దయ్యం వేసేవాడికి భయం పట్టుకుంటే ఎలా అని.

అక్క విరిగిన తాళాన్ని తుప్పల్లోకి విసిరేసింది.

"అసలు మొదట్లో ఈ గోడకు తలుపే లేదు. గేటు ముందు ఎండలో కూర్చుని, ఎంత గెంటినా కదలకుండా, ఆవిడే పెట్టించింది. తలుపు లేనప్పటి దయ్యం ఆవిడ కొడుకు."