దబ్బనం మొన

చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు సంఘానికి చూపిద్దామని అటక మీంచి దించిన పాత స్కూటర్ టైరు లోపల చెయ్యి పెట్టగానే, బాయిలర్ ఆపరేటర్ వేలిలోకి విరిగిన దబ్బనం మొన కసుక్కున దిగింది.

ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగిన రోజు ఈ టైరు పంక్చరై డ్యూటీకి వెళ్లలేకపోబట్టే బతికాడు. బాయిలర్ పేలి షిఫ్టులోవాళ్లంతా పోయారు. ఏదో మేకు రూపంలో దేవుడే ఆపాడని నమ్మి, ఇవాళ బాప్తిస్మానికి తెల్లచొక్కా తొడుక్కున్నాడు.

ఇంట్లో దబ్బనం పట్టేది పరుపులు కుట్టే భార్య ఒక్కతే.

"ఏమేవ్, ఇది నీదేనా?"

ఆమె కుట్టు ఆపింది. "నాదే."

"అయితే ఆపింది దేవుడు కాదు, నువ్వన్నమాట! ఈ వెర్రివెంగళప్పని చూసి ఇన్నాళ్లూ నవ్వుకున్నావా?"

"నవ్వా? నాకు కంటిమీద కునుకే లేదు."

చొక్కా గుండీ విప్పబోయిన అతని చెయ్యి ఆగింది. "పేలుతుందని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదండీ. మీమీద కోపం కూడా లేదు. పరుపు కుడుతున్నదాన్ని కుడుతున్నట్టే లేచి, బండి దగ్గరికెళ్లి పొడిచాను. చెయ్యి నాదే. వద్దనుకుంటే ఆగేదాన్నే. ఎందుకు ఆగలేదో వెళ్లి మీ దేవుణ్ణే అడిగి రండి. నేనడగాలంటే భయం."